చుక్కాని ఎవరి చేతిలో?

హైదరాబాదు నుండి వరంగల్ వెళ్ళే జాతీయ రహదారి మీద జనగామ దాటాక రఘునాథపల్లి వస్తుంది. పూర్వం వరంగల్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు నుండి జనగామ జిల్లాలోకి మారిన మండల కేంద్రమిది. సముద్రం ఇక్కడికి రెండు వందల యాభై కిలోమీటర్లకు పైనే. చెరువులో చేపలు పట్టే తెప్ప తప్ప ఓడ అనేది కంటితో చూడనివాళ్ళే ఈ పల్లెల్లో ఎక్కువ. అయినా ఓడలకు సంబంధించిన 'నావిగేటర్' అనే ఇంగ్లీషు మాట ఇప్పుడు ఇక్కడి ఆటో డ్రైవరుకూ తెలుసు, చదువుకునే పిల్లలకూ తెలుసు. ఫోనులో ఊరి పేరు చెబితే చాలు, ఎక్కడ కుడికి తిరగాలో, ఎక్కడ ఎడమకు తిరగాలో ఒక గొంతు చెబుతూ ఉంటుంది. ఆ గొంతే నావిగేటర్. కొంచెం వయసు పైబడినవారికి 1994లో వచ్చిన 'నెట్‌స్కేప్ నావిగేటర్' గుర్తుండవచ్చు. ఇంటర్నెట్‌లో తిరగడానికి వాడిన ఆ సాఫ్ట్‌వేరును 2008లో ఆపేశారు. అది పోయినా పేరు మాత్రం పోలేదు.

మాట ఎక్కడి నుండి వచ్చిందో తెలుసుకుంటే దానితో మనకున్న పని కూడా తెలుస్తుంది. లాటిన్ భాషలో 'నావిస్' అంటే ఓడ. దాన్ని నడిపేవాడు నావిగేటర్. మన 'నావ', 'నావికుడు' సంస్కృతం నుండి వచ్చిన మాటలైనా వాటి మూలం అదే. పారసీలో 'నావ్' అన్నా ఓడే. దానికి యజమాని అనే అర్థమున్న 'ఖుదా' చేరి 'నాఖుదా' అయింది. తెలుగువారు నోరారా వాడుకునే 'చుక్కాని' సంగతి మరీ ఆసక్తికరం. అది అరబ్బీ 'సుక్కాన్' నుండి వచ్చింది. గోదావరి మీద లాంచీ నడిపేవాడిని 'సరంగు' అంటాం, అది పారసీ 'సర్‌హంగ్'. కోస్తా రేవులకు అరబ్బులు, ఇరానీయులు సరుకులతో వచ్చినప్పుడు ఈ మాటలు కూడా ఓడ దిగాయి. చుక్కాని లేని నావ అని అలవోకగా అనేవారిలో చాలామందికి తాము అరబ్బీ మాట పలుకుతున్నామని తెలియదు.

వీటన్నిటికంటే మనం ఆగి ఆలోచించవలసిన మాట మరొకటుంది. హిందూ మహాసముద్రంలో దారి తెలిసినవాడిని ముస్లిం నావికులు 'ముఅల్లిమ్' అని పిలిచారు. మన మక్తబులో పిల్లలకు అలిఫ్, బే నేర్పే ఉస్తాదుకూ అదే పేరు. విద్య నేర్పేవాడికీ, నడిసముద్రంలో దారి చెప్పేవాడికీ ఒకే బిరుదు. అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ తన 'ఆయినె అక్బరీ'లో ఓడలో పనిచేసేవారి తరగతులను వివరించాడు. నాఖుదా ఓడకు యజమాని, అది ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించేది ఆయనే. ముఅల్లిమ్‌కు సముద్రంలో ఎక్కడ లోతు ఉందో, ఎక్కడ మెరక ఉందో, ఏ నక్షత్రం ఎక్కడ ఉందో తెలియాలి. ఓడను అపాయాల నుండి తప్పించి గమ్యం చేర్చే బాధ్యత అతనిది. సుక్కాన్‌గీర్ అంటే చుక్కాని పట్టేవాడు, ముఅల్లిమ్ చెప్పినట్టు దాన్ని తిప్పుతాడు.

గమ్యం నిర్ణయించేవాడు ఒకడు, దారి తెలిసినవాడు ఒకడు, చుక్కాని తిప్పేవాడు ఇంకొకడు. మూడు పనులు, మూడు పేర్లు. ఈనాటి 'నావిగేటర్' అనే మాటలో ఈ మూడూ కలిసిపోయాయి. దారి చెప్పినవాడే గమ్యాన్నీ నిర్ణయించినా మనం గమనించడం లేదు. నడిచినవాడు తన బాధ్యతను దారి చెప్పినవాడి మీదికి నెట్టేసినా మనకు తప్పుగా తోచడం లేదు. మా దృష్టిలో ఇది మాటల పొరపాటు మాత్రమే కాదు, నైతికమైన పొరపాటు.

దివ్యఖుర్ఆన్ ఈ విషయాన్ని ఏ మాటతో చెప్పిందో చూడండి. అన్ఆమ్ సూరా 97వ ఆయతులో, నేల మీదా సముద్రంలోనూ చీకట్లలో దారి తెలుసుకోవడానికి అల్లాహ్ నక్షత్రాలను చేశాడన్న భావం ఉంది. నహ్ల్ సూరా 16వ ఆయతులోనూ నక్షత్రాల సహాయంతో జనులు దారి తెలుసుకోవడం గురించి ఉంది. ఈ రెండు చోట్లా వాడిన క్రియ 'హిదాయత్' అనే మాట మూలం నుండి వచ్చినదే. ప్రతి రకాతులో ఫాతిహా పఠిస్తూ 'ఇహ్దినా' అని మనం వేడుకునేదీ ఆ మూలంతోనే. అంటే నడిసముద్రంలో నక్షత్రాన్ని చూసి దారి పట్టడమూ, జీవితంలో ఋజుమార్గం పట్టడమూ ఖుర్ఆన్ భాషలో ఒకే మాట.

ఈ హిదాయత్‌లో రెండు మెట్లున్నాయని ఉలమాలు వివరించారు. ఒకటి దారి చూపడం, రెండోది గమ్యం చేర్చడం. షూరా సూరా 52వ ఆయతు దైవప్రవక్త (స) ఋజుమార్గం వైపు దారి చూపుతున్నారని అంటుంది. ఖసస్ సూరా 56వ ఆయతు ఆయన తాను ప్రేమించినవారిని సైతం దారిలోకి తేలేరని అంటుంది. పెదతండ్రి అబూ తాలిబ్ మరణ సందర్భంలో ఈ ఆయతు అవతరించిందని హదీసు గ్రంథాలలో ఉంది. పైపైన చూస్తే రెండు ఆయతులూ పరస్పరం విరుద్ధంగా కనిపిస్తాయి. కాని మొదటిది దారి చూపడం గురించి, రెండోది గమ్యం చేర్చడం గురించి. ముఅల్లిమ్ నక్షత్రాల ఎత్తు కొలవగలడు, మెరకల గురించి హెచ్చరించగలడు. గాలి మాత్రం అతని చేతిలో లేదు. కొడుకు నమాజు చదవడం లేదని కుమిలిపోయే తల్లిదండ్రులు మన ఇళ్ళల్లో ఎందరో ఉన్నారు. తమ వంతు చెప్పవలసింది చెప్పి, నడవవలసిన తీరులో తాము నడిచి చూపినవారు ఈ రెండు మెట్ల తేడాను మరవకూడదు. చెప్పకుండా వదిలేసినవారికి మాత్రం ఇది సాకుగా పనికిరాదు.

హిజ్రత్ నాటి సంఘటన ఒకటి ఈ విషయంలో మనకు వెలుగునిస్తుంది. క్రీ.శ. 622లో దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) మక్కా విడిచి మదీనాకు బయలుదేరినప్పుడు అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అనే వ్యక్తిని దారి చూపడానికి కూలికి మాట్లాడుకున్నారు. అతను అప్పటికి ముస్లిం కాడు, ఖురైషుల మతంలోనే ఉన్నవాడు. బుఖారీ హదీసులో అతన్ని 'ఖిర్రీత్' అన్నారు. సూదిబెజ్జం అంత సన్నని దారులు కూడా ఎరిగినవాడని దానికి అర్థం చెబుతారు. తమ ఒంటెలను ముందే అతనికి అప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ దగ్గరికి తీసుకురమ్మన్నారు. పట్టి ఇచ్చినవారికి ఖురైషులు వంద ఒంటెలు బహుమానంగా ప్రకటించారు. అంతటి ఆశ ఎదుట ఉన్నా అతను మాట తప్పలేదు. అందరూ నడిచే బాట వదిలి తీరప్రాంతం వైపు దారిలో నడిపించాడు.

ఇందులో గమనించవలసినవి రెండు. దారి గురించిన జ్ఞానం ఎవరి దగ్గర ఉన్నా, నమ్మకస్తుడైతే అతని దగ్గర తీసుకోవచ్చు. ఇతరుల నుండి వచ్చిన విద్య అనగానే ముఖం చిట్లించేవారు మనలో కొందరున్నారు, వారు ఈ సంఘటనను మరోసారి చదవాలి. రెండోది, ఇబ్నె ఉరైఖిత్‌కు అప్పగించింది దారిని మాత్రమే. మదీనా వెళ్ళాలన్న నిర్ణయం అతనిది కాదు. ఎందుకు వెళుతున్నారన్నది కూడా అతనికి సంబంధించినది కాదు.

ఇప్పుడు కొంచెం కఠినమైన ప్రశ్నకు వద్దాం. దారి చూపినవాడు ఆ దారిన వెళ్ళినవాడు చేసిన పనికి బాధ్యుడవుతాడా?

1498లో వాస్కోడిగామా ఆఫ్రికా తీరంలోని మాలిందీ రేవుకు చేరాడు. అక్కడి నుండి కాలికట్‌కు దారి తెలియక, ఆ ఊరి పాలకుడిని అడిగి ఒక నావికుడిని తీసుకున్నాడు. నేటి ఎమిరేట్స్‌లోని జుల్ఫార్‌కు చెందిన అహ్మద్ బిన్ మాజిద్ ఆ నావికుడని చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. సుమారు 1490 నాటికి సముద్ర శాస్త్రం మీద 'కితాబుల్ ఫవాయిద్' రాసిన మహా ముఅల్లిమ్ ఆయన. కాని పరిశోధకులలో ఎక్కువమంది దీన్ని ఒప్పుకోరు. పోర్చుగీసు చరిత్రకారులు ఆ వ్యక్తిని 'మాలెమో కానా' అని ఒకరూ, 'కనాకా' అని మరొకరూ రాశారు. గుజరాతీవాడని కూడా ఒకరు చెప్పారు. 'మాలెమో' అన్నది ముఅల్లిమ్, 'కనాకా' అన్నది మన 'గణకుడు'. రెండూ బిరుదులే. అసలు పేరు చరిత్రకు అందలేదు.

అతని సాయంతో ఓడలు కాలికట్ చేరాయి. నాలుగేళ్ళ తర్వాత, 1502లో, అదే వాస్కోడిగామా రెండోసారి వచ్చినప్పుడు మక్కా యాత్ర ముగించుకొని వస్తున్న 'మీరీ' అనే ఓడను అడ్డగించి, సొమ్ము దోచుకొని, స్త్రీలూ పిల్లలూ సహా వందలాది హాజీలున్న ఆ ఓడను తగలబెట్టాడు. మాలిందీలో ఓడ ఎక్కిన ఆ ముఅల్లిమ్‌ను దీనికి బాధ్యుడిని చేసేవారున్నారు, సముద్రం తాళంచెవి పరాయివాడికి ఇచ్చాడని.

ఇది న్యాయం కాదని మేమనుకుంటున్నాం. ఒకరి బరువు మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ పలుచోట్ల చెప్పిన సూత్రం. అయితే దాని పక్కనే మరో సూత్రం ఉంది. తెలియనివారిని పెడదారి పట్టించినవారు, వారి పాపభారంలో కొంత మోయవలసి ఉంటుందని నహ్ల్ సూరా 25వ ఆయతు హెచ్చరిస్తుంది. మంచికి దారి చూపినవాడికి మంచి చేసినవాడితో సమానంగా పుణ్యం ఉందన్న హదీసును ముస్లిం గ్రంథంలో చూస్తాం. వీటిని కలిపి చదివితే తేలేదేమంటే, ఎక్కడికి, ఎందుకన్నది తెలిసి దారి చూపినవాడు అందులో భాగస్వామి. తెలియనివాడు కాదు. తెలుసుకోగలిగి ఉండి, కూలి డబ్బులు చూసుకొని అడగడం మానేసినవాడి సంగతి మధ్యలో ఉంటుంది. గల్ఫ్‌లో పని ఉందని చెప్పి విజిట్ వీసా మీద మన పిల్లలను పంపే ఏజెంటు ఈ మధ్య కోవలోకి కూడా రాడు. అతనికి అన్నీ తెలుసు.

దారి తప్పినవాడితో తక్కినవాళ్ళు ఎలా ప్రవర్తించాలన్నది ఇందులోనే మరో సంగతి. దీనికి ఓరుగల్లు చరిత్రలోనే మంచి సాక్ష్యం ఉంది. తుఫానుకు కొట్టుకొచ్చి తీరాన పగిలిన ఓడలోని సరుకును అక్కడి రాజులు స్వాధీనం చేసుకోవడం ఆనాటి ఆచారం. ప్రాణాలతో బయటపడ్డ వర్తకుడికి కట్టుబట్టలు మిగిలేవి. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించి ఈ ఆచారాన్ని రద్దు చేశాడు. ముప్పయ్యో వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని సముద్ర వర్తకులకు అభయమిచ్చాడు. ఆ వర్తకులలో పలు దేశాలవారు, పలు మతాలవారు ఉంటారని వేరే చెప్పనక్కరలేదు. న్యాయం ఎవరు చేసినా దానిని న్యాయమని ఒప్పుకోవడం మన ధర్మం.

ఇది ఎప్పటి సంగతో అనుకోనక్కరలేదు. ఉత్తరాంధ్ర మత్స్యకారులు గుజరాత్ వెళ్ళి అక్కడి మరబోట్ల మీద పనిచేస్తారు. బోటుకు పెద్దను 'తండేలు' అంటారు. ఇదీ అబుల్ ఫజల్ జాబితాలోని మాటే. ఈ పేరుతో 2025లో సినిమా కూడా వచ్చింది. 2018 నవంబరులో ఇరవైమందికి పైగా తెలుగు మత్స్యకారులు తెలియక సరిహద్దు దాటి పాకిస్తాన్ అధికారులకు చిక్కారు. దాదాపు పద్నాలుగు నెలలు కరాచీ జైలులో గడిపాక, వారిలో ఇరవైమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు ద్వారా తిరిగొచ్చారు. నీటి మీద గీత ఎవరికీ కనిపించదు. పొట్టకూటికి వెళ్ళినవాడిని శత్రువుగా చూడడంలో ఇటువైపు, అటువైపు తేడా లేదు. మోటుపల్లి శాసనం నాటి ఇంగితం ఎనిమిది వందల ఏళ్ళు కావస్తున్నా ఇరు దేశాలకూ పూర్తిగా అబ్బలేదు.

మరి మన వీధిలో? వడ్డీకి అప్పు తెచ్చి మునిగినవాడో, తాగుడులో పడి లేచినవాడో, కొన్నేళ్ళు మస్జిదు ముఖం చూడనివాడో మొదటిసారి జుమాకు వచ్చి వెనక వరుసలో నిలబడితే, మన చూపులు అతని మీద ఎలా ఉంటున్నాయి? పగిలిన ఓడలోని సరుకు ఏరుకున్నట్టు అతని గతాన్ని ఏరుకుంటున్నామా? అలా చూపులకు భయపడి రెండో జుమాకు రానివారు ఎందరో!

ఇక దారి అడిగేవాడి బాధ్యత. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ఫోనులో దారి చూసుకుంటూ వెళ్ళిన కారు ఒకటి రామగంగ నది మీది వంతెన చివర నుండి కింద పడి ముగ్గురు మరణించారు. 2022లో వరదకు ఆ వంతెన కొంత కొట్టుకుపోయింది. ఫోనులోని పటానికి ఆ సంగతి తెలియదు. అడ్డు కట్టనివారిదీ తప్పే, పటం సరిచేయనివారిదీ తప్పే. చనిపోయినవారిని నిందించడం మా ఉద్దేశం కాదు. తెలియని దారిలో మనమున్నా అదే చేసేవాళ్ళమేమో. కాని తెలియని విషయం వెంట పడవద్దనీ, చెవి, కన్ను, హృదయం అన్నిటి గురించీ ప్రశ్న ఉంటుందనీ ఇస్రా సూరా 36వ ఆయతు చెప్పే మాట ఇలాంటి చోటనే బరువుగా వినిపిస్తుంది. ప్రళయదినాన కొందరు తమ నాయకులనూ పెద్దలనూ చూపించి, వీళ్ళ మాట విని చెడిపోయామని మొరపెట్టుకుంటారని అహ్‌జాబ్ సూరా చివరి ఆయతులలో ఉంది. నడిపించినవారికి శిక్ష ఉంది, నిజమే. ఆ మొర మాత్రం నడిచినవారిని విడిపించదు.

నేడు మన ఇళ్ళలో ధర్మం కూడా ఫోను గుండానే వస్తోంది. తలాఖ్ గురించో, ఆస్తి పంపకం గురించో సందేహం వస్తే ఊళ్ళోని ఆలిమ్‌ను అడగడానికి మొహమాటపడి, తెలియని ముఖం చెప్పిన మూడు నిమిషాల వీడియోతో నిర్ణయం చేసుకునేవారు పెరిగారు. ఒకటి చూడగానే రెండోది దానంతటదే వస్తుంది. అదెవరు పంపుతున్నారు? ఇక్కడే పాత మూడు పేర్లూ పనికొస్తాయి. మనం అడిగిన ఊరికి దారి చెబుతున్నంతసేపు ఆ ఫోను ముఅల్లిమ్ లాంటిదే, వాడుకోవచ్చు. మనం అడగనిది తెచ్చి ముందు పెట్టి, మనం ఎంతసేపు చూస్తే అంత లాభం పొందేది మాత్రం ముఅల్లిమ్ కాదు, నాఖుదా. ఓడ వాడిది, గమ్యం వాడిది. మనం అందులో ప్రయాణికులం కూడా కాము, సరుకులం. పదమూడేళ్ళ పిల్లవాడి చేతికి ఫోను ఇచ్చే తల్లిదండ్రులు ఈ తేడాను వాడికి చెప్పాలి. వాడికి అర్థమవుతుంది, పిల్లలను మనం తక్కువ అంచనా వేస్తాం.

చివరిగా అందరికీ పనికొచ్చే ఒక సంగతి. ఫోనులోని ఖిబ్లా చూపే సాధనం పట్టుకొని, మస్జిదు గోడ నాలుగు డిగ్రీలు వంకరగా ఉందని పెద్దలతో తగవు పెట్టుకునే యువకులు అక్కడక్కడా కనిపిస్తున్నారు. రఘునాథపల్లి ప్రాంతం నుండి కాబా సరిగ్గా పడమర కాదు, పడమర నుండి ఉత్తరానికి సుమారు 12 డిగ్రీలు జరిగి ఉంటుంది. ఇది లెక్క, దీన్ని కాదనలేం. అయితే దూరాన ఉన్నవారికి ఆ దిక్కుకు తిరిగితే సరిపోతుందని ఉలమాలలో ఎక్కువమంది అభిప్రాయం. మదీనావాసులకు తూర్పు పడమరల మధ్య ఉన్నదంతా ఖిబ్లా అన్న అర్థం వచ్చే హదీసు తిర్మిజీలో ఉంది. కాబట్టి నాలుగు డిగ్రీల కోసం గోడ కూల్చవద్దు, మనసులు అంతకన్నా విరగ్గొట్టవద్దు. పైగా ఇనుప బీరువా పక్కన, స్లాబులోని చువ్వల కింద ఫోనులోని దిక్సూచి తప్పు చూపిస్తుంది. దాన్ని నమ్మి పెద్దలను నమ్మకపోవడం ఏ లెక్క?

ఫోను లేకుండా ఖిబ్లా చూసుకునే ఉపాయం ఒకటుంది. ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు సరిగ్గా కాబా నెత్తిన నిలుస్తాడు. మే 27 లేదా 28న మన గడియారంలో మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జూలై 15 లేదా 16న 2 గంటల 57 నిమిషాలకు. ఆ నిమిషంలో చదునైన నేల మీద నిటారుగా ఒక కర్ర పాతితే, నీడ కొస నుండి కర్ర మొదలు వైపు గీసిన గీత ఖిబ్లాను చూపుతుంది. కర్ర నిటారుగా ఉందో లేదో మేస్త్రీ వాడే గుండుదారంతో సరిచూసుకోవాలి. గడియారం నిమిషం అటూ ఇటూ అయినా తేడా పెద్దగా ఉండదు. జూలైలో మబ్బులు పట్టే అవకాశం ఉంది గనుక మే నెలలోనే చూసుకోవడం మంచిది. ఆ వేళకు మన వైపు ఎండ మాడ్చేస్తుంది, తలకు తువ్వాలు చుట్టుకొని పిల్లలను కూడా వెంట తీసుకెళ్ళండి.